రేకు డబ్బాలో పందొమ్మిది నాణేలు: ఒక సాక్సొనీ వెండి కేసు

కిందటి చలికాలంలో జర్మనీలోని లైప్‌జిగ్ పక్క ఊరి నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దావిడ బిస్కెట్ల రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని నా గదిలో కూర్చున్నారు. డబ్బాలో దూది, దూదిలో పందొమ్మిది నాణేలు. తాతగారివట. ఇద్దరు కొడుకులకు పంచాలి. అంతకుముందే ఒక వ్యాపారికి చూపిస్తే ఆయన రెండు నిమిషాలు తిరగేసి "అన్నీ నకిలీవి, రాగి ధర ఇస్తాను" అన్నాడట. ఆవిడకు కావలసింది ఒక్క మాట, అదీ కాగితం మీద: ఇవి వెండివా, కావా?

నేను నాణేలు కొనను, అమ్మను. పాత నాణేల లోహం చూసి రిపోర్టు రాయడం నా పని. తూకం, సాంద్రత, ఎక్స్‌రే యంత్రం, అచ్చుల పోలిక, ఇంతే నా పనిముట్లు. మా నాన్న ప్రొద్దుటూరులో ఒక వెండి అంగట్లో గీటురాయి పట్టిన మనిషి. ఆయన రాయి మీద గీసి చెప్పేది నేను యంత్రం పెట్టి చెబుతున్నాను. ఈ కేసులో మొదటి రోజు నాకంటే ఆయనే నయమనిపించారు. ఎందుకో తర్వాత చెబుతాను.

సరుకు చూడ్డానికి అన్నీ ఒకటే. ముందువైపు కిరీటం పెట్టుకున్న రాజు కుడివైపు చూస్తున్నాడు. చుట్టూ లాటిన్‌లో పోలండ్ రాజు మూడో ఆగస్టస్ అని. వెనకవైపు పోలండ్ గద్ద, లిథువేనియా రౌతు, వాటి నడుమ సాక్సొనీ చిన్న డాలు. ఎనిమిది గ్రోషెన్లని చెప్పే అంకె, 1753 సంవత్సరం. ఈ మనిషికి రెండు కొలువులు. సొంత దేశం సాక్సొనీలో ఈయన ఎలెక్టర్, అంటే జర్మన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకుడు. అక్కడ ఈయన పేరు రెండో ఫ్రెడ్రిక్ ఆగస్టస్. పోలండ్‌లో రాజు, అక్కడ మూడో ఆగస్టస్. పోలండ్‌కు కావలసిన నాణేలు కూడా సాక్సొనీలోనే కొట్టించేవాడు, వెండివి లైప్‌జిగ్ టంకశాలలో. అందుకే ఇవి రెండు దేశాల సొమ్ము. సాక్సొనీ లెక్కలో 24 గ్రోషెన్లు ఒక తాలరు కాబట్టి ఇది మూడో వంతు తాలరు. పోలండ్ లెక్కలో ఇదే రెండు జ్లోటీలు.

మొదటి రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఆవిడ ఎదురుగా కూర్చున్నారు, బయట మంచు, సాయంత్రం బస్సు అందుకోవాలని ఆవిడకు టెన్షన్. డబ్బాలో బాగా కనిపించిన రెండు నాణేలు తీసి, రాజు తల ముందున్న చదును భాగం మీద ఎక్స్‌రే యంత్రం పెట్టాను. ఒకటి 74 శాతం వెండి చూపించింది, ఇంకొకటి 58. "వెండివేనండీ, ఆ వ్యాపారి తొందరపడ్డాడు" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. ప్రాథమిక అభిప్రాయమని ఒక చిన్న కాగితం కూడా రాసిచ్చాను. తూకం వేయకుండా కాగితం రాయడం మా వృత్తిలో చెయ్యకూడని పని. చేశాను.

మర్నాడు పొద్దున ఒక్కొక్కటీ తూచుతుంటే ఒళ్లు చల్లబడింది. నాలుగు నాణేలు 9 గ్రాములకు కాస్త పైన, ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉన్నాయి. పద్నాలుగు మాత్రం 6 నుంచి 7.6 గ్రాముల దాకా ఎటు పడితే అటు చెదిరిపోయాయి. మిగిలిన ఒకటి వేరే జాతి, దాని సంగతి తర్వాత. ఒకే ముద్ర, ఒకే విలువ, ఒకే సంవత్సరం ఉన్న నాణేల్లో తూకం మూడో వంతు దాకా తేడా వస్తే అది అరుగుదల కాదు. అరిగిన నాణెం బొమ్మలో కనబడుతుంది. వీటిలో కొన్నిటికి రాజు జుట్టు ఉంగరాలు కూడా చెక్కుచెదరలేదు.

పదిహేడో నంబరు నాణేన్ని భూతద్దం కింద పెట్టాను. చదును భాగం తెల్లగా ఉంది, కొంచెం బూడిద రంగు కలిసిన తెలుపు. ముక్కు కొన, చెంప ఎముక, కిరీటం అంచు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పాత రాగి చెంబు రంగు. వ్యాపారి చూసింది ఆ ముక్కునే. వెండి పూత పోయి లోపలి రాగి బయటపడిందనుకున్నాడు. అనుకోవడంలో తప్పు లేదు, కానీ ఇది పూత కాదు. పూతైతే ఎక్కడో ఒక చోట పొర అంచు తెలుస్తుంది, పొక్కు లేస్తుంది, పెచ్చు ఊడుతుంది. ఇక్కడ తెలుపు నుంచి ఎరుపుకి రంగు మెల్లగా మారుతోంది, అంచంటూ లేదు.

ఇది ఎలా వస్తుందో చెప్పాలంటే మన వంటింటికి రావాలి. రాగి ఎక్కువ కలిసిన వెండి బిళ్లను కాలిస్తే పైనున్న రాగి నల్లగా మాడుతుంది. దాన్ని పుల్లటి ద్రావణంలో ఉడకబెడితే ఆ మాడిన రాగి కరిగిపోతుంది, పైన వెండి మాత్రం మిగులుతుంది. ఆ తర్వాత అచ్చు దెబ్బ పడితే ఆ పొర నొక్కుకుని మెరుస్తుంది. బిళ్ల లోపల చాలావరకు రాగే అయినా చూపుకు తెల్ల వెండి. జర్మన్ టంకశాలల్లో ఈ పనికి ద్రాక్షసారా పీపాల గోడలకు పేరుకునే పులుపు గారనూ ఉప్పునూ వాడేవారు. మనం ఇత్తడి బిందెలు తోమే చింతపండులో ఉన్నదీ ఆ పీపాల గారలో ఉన్నదీ ఒకటే ఆమ్లం, టార్టారిక్ ఆమ్లం. దీన్ని మోసం అనడానికి వీల్లేదు. మంచి నాణేలకూ ఇదే చేసేవారు. కాకపోతే మంచి నాణేనికి అది అలంకారం, చెడ్డ నాణేనికి ముసుగు.

నా ఎక్స్‌రే యంత్రం చదివింది ఆ పొరనే. దాని చూపు లోతు మిల్లీమీటరులో చిన్న తునక, అంతకు మించి లోపలికి పోదు. పదిహేడో నంబరుకు చదును భాగం 58 చూపిస్తే, ఎర్రబడిన ముక్కు మీద పెట్టగానే 34కి పడింది. ఒకే నాణెం! మా నాన్న గీటురాయి మీద గీసేముందు వస్తువు అంచుని ఆకురాయితో రెండుసార్లు రుద్దేవారు. "పై వన్నె చూసి ధర కట్టకు" అని ఆయన ఎప్పుడూ అనే మాట. పురావస్తువుకు ఆకురాయి పెట్టలేను కదా. అందుకే నీళ్లను ఆశ్రయించాను.

ఆర్కిమిడీస్ పద్ధతి అందరూ బడిలో చదివిందే, కానీ ఏడు గ్రాముల నాణెం మీద అది చాలా చిరాకు పని. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి గాలిలో తూచాలి, ఆ తర్వాత నీళ్లలో వేలాడదీసి తూచాలి. నీళ్లు మరిగించి చల్లార్చినవి కావాలి, లేకపోతే నాణెం మీద బుడగలు పట్టుకుంటాయి. ఒక్క బుడగ చాలు లెక్క తప్పడానికి. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేస్తే నీళ్లు అక్షరాల సందుల్లోకి పోతాయి. మిల్లీగ్రాము చూపించే తక్కెడ ఉండాలి, కిటికీ మూసి ఉండాలి. ఒక్కొక్క నాణేన్నీ ఐదుసార్లు తూచాను. పదిహేడో నంబరుకు వచ్చిన సగటు ఇది: గాలిలో 6.842 గ్రాములు, నీళ్లలో 6.109, తేడా 0.733. ఆ పూట నీటి సాంద్రతతో సరిచేస్తే నాణెం సాంద్రత 9.32 దగ్గర తేలింది. శుద్ధ వెండి 10.49, రాగి 8.96. మిశ్రమం లెక్క కడితే వెండి 26 శాతం. రెండు శాతం అటూ ఇటూ వేసుకోవాలి. లోపల పోత బుడగలుంటే సాంద్రత తగ్గుతుంది కనుక వెండి నిజానికి ఇంకొంచెం ఉండొచ్చు. కానీ 58 మాత్రం ఎప్పటికీ కాదు.

నాలుగు బరువైన నాణేల సాంద్రత 9.85 చుట్టూ వచ్చింది, అంటే 62 శాతం దగ్గర వెండి. కాబట్టి డబ్బాలో రెండు రకాల సరుకుంది, రెంటి మీదా ఒకే సంవత్సరం ఉంది. రాజు పేరూ ముద్రా సరిగ్గా ఉండి, లోపలి వెండి సగానికి సగం ఎగిరిపోయినప్పుడు "అసలా, నకిలీయా" అన్న ప్రశ్నే పనికిరాదు. ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఎంత వెండి పెట్టారు అని మూడు ముక్కలుగా అడగాలి.

జవాబు 1756లో ఉంది. ఆ ఏడు ఆగస్టు 29న పొరుగు జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు రెండో ఫ్రెడ్రిక్ సాక్సొనీ మీద పడ్డాడు. ఏడేళ్ల యుద్ధం అక్కడే మొదలు. అక్టోబరులో పిర్నా దగ్గర సాక్సొనీ సైన్యం లొంగిపోయింది, ఆగస్టస్ వార్సాకు వెళ్లిపోయాడు. లైప్‌జిగ్ టంకశాల, అందులోని పనిముట్లతో సహా, ఫ్రెడ్రిక్ చేతికి చిక్కింది. ఆయన దాన్ని బెర్లిన్ వ్యాపారి వైటెల్ హైనె ఎఫ్రాయిమ్ సంస్థకు గుత్తకిచ్చాడు. తర్వాత డానియెల్ ఇట్జిగ్ కూడా ఆ గుత్తలో చేరాడు. గుత్త షరతు సులువు: రాజుకు ఇంత సొమ్ము ముట్టాలి, ఆ మేరకు నాణేల్లో వెండి తగ్గించుకోవచ్చు. బొమ్మ మాత్రం పాత సాక్సొనీ రాజుదే, సంవత్సరం కూడా యుద్ధానికి ముందుదే. 1753 అంటే జనానికి మంచి డబ్బని గుర్తు. ఆ నమ్మకాన్నే అచ్చు వేసి అమ్మారు. పోలండ్‌లో చెల్లే టింఫ్ నాణేలకూ, ఆగస్టస్ బంగారు నాణేలకూ ఇదే గతి పట్టింది.

ఎంత తగ్గించారో చెప్పాలంటే అప్పటి కొలత తెలియాలి. కొలోన్ మార్కు అని ఒక తూకం, దాదాపు 233.86 గ్రాములు. ఒక మార్కు శుద్ధ వెండిలో ఎన్ని తాలర్లు తీస్తారన్నదే ఆ దేశపు నాణేల లెక్క. 1566లో జర్మన్ సామ్రాజ్యం మొత్తానికి పెట్టిన లెక్క 9 తాలర్లు. 1667లో సాక్సొనీ, దాని పొరుగు సీమ బ్రాండెన్‌బుర్గ్ కలిసి త్సిన్నా అనే ఊళ్లో దాన్ని పదిన్నర చేశాయి. 1690లో 12 అయింది, దాని పేరే లైప్‌జిగ్ లెక్క. 1750లో ప్రష్యా తన సొంత దేశంలో 14కి దిగింది. దాదాపు రెండు వందల ఏళ్లలో 9 నుంచి 14. గుత్తేదార్ల చేతికి వచ్చాక ఐదారేళ్లలోనే 19¾, తర్వాత 30, చివరికి 40 దాటింది. అదీ ఎక్కడ? ఏ ఊరి పేరు వెండి లెక్కకు మారుపేరుగా సామ్రాజ్యమంతా చెల్లిందో ఆ లైప్‌జిగ్‌లో. అంతకు నూట ముప్పై ఏళ్లకు పైగా ముందు, 1619-1623 మధ్య కూడా జర్మన్ దేశాలు ఇలాగే నాణేలు చెడగొట్టుకున్నాయి, సాక్సొనీ ఎలెక్టర్ కూడా అందులో వెనకపడలేదు. కానీ అప్పుడు ఎవరి నాణెం వాళ్లు చెడగొట్టుకున్నారు. ఇక్కడ పొరుగు రాజు నాణేన్ని పొరుగు రాజు టంకశాలలోనే చెడగొట్టి, చెడ్డపేరు అతనికి వదిలేశారు.

ఈ లెక్కను డబ్బాలోని సరుకుకు పట్టి చూడటం నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన పని. పదిహేడో నంబరులో వెండి 26 శాతం, అంటే సుమారు 1.79 గ్రాములు. ఇలాంటివి మూడు కలిస్తే ఒక తాలరు. అంటే ఒక మార్కు వెండికి 43, 44 తాలర్లు. నా కొలతలో ఉన్న ఆ రెండు శాతం తేడాను కూడా కలుపుకుంటే 40కీ 47కీ మధ్య. నాణెం మీద 1753 అని ఉంది గానీ ఈ లెక్క యుద్ధం చివరి ఏళ్లది. ఆరో నంబరు 7.518 గ్రాములు, వెండి 38 శాతం, అంటే మార్కుకు 27 తాలర్ల దగ్గర. ఇది అంతకంటే కాస్త ముందు కొట్టినదై ఉండాలి. బరువైన నాలుగూ 13, 14 తాలర్ల దగ్గర నిలిచాయి. అవి నిజంగా యుద్ధానికి ముందువే. ఇలా సంవత్సరం అబద్ధం చెప్పినప్పుడు తేదీని నీళ్ల గిన్నెలోంచి తీయాల్సి వచ్చింది.

అచ్చుల పోలికతో ఈ వరుస ఇంకా గట్టిపడుతుందని ఆశపడ్డాను. తేలిక నాణేల్లో మూడింటికి రాజు వైపు అచ్చు ఒకటే. కిరీటం నుంచి అక్షరాల వైపు సన్నటి గీత ఒకటుంది, అచ్చులో వచ్చిన పగులు. తొమ్మిదో నంబరులో అది వెంట్రుకంత, పదిహేడులో అక్షరాన్ని తాకింది, పన్నెండులో అక్షరం దాటి అంచుదాకా పోయింది. పగులు పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి కొట్టిన వరుస 9, 17, 12. వెండి కూడా అదే వరుసలో తగ్గాలి కదా? తగ్గలేదు. పన్నెండో నంబరులో పదిహేడు కంటే మూడు శాతం ఎక్కువే ఉంది. ఒకే గుత్తలో కూడా ఒక్కో పోతకు ఒక్కోలా కలిపేవారేమో, లేదా బిళ్లలు కలగాపులగంగా వచ్చేవేమో. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాశాను.

ఇక విడిగా పెట్టిన ఆ పందొమ్మిదోది. సాంద్రత 8.3, వెండి జాడ లేదు. అక్షరాలు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి, అంచు చుట్టూ ఆకురాయితో రుద్దిన పోత గీత కనబడుతోంది. ఎవరో ఇత్తడి లాంటి లోహంతో మూసలో పోసింది. ప్రష్యా రాజు స్వయంగా చేయించిన చెడ్డ నాణేనికి ఒక దొంగ చేసిన నకలు! ఆ కాలపు షరాబు దీన్ని పట్టుకుని ఎంత తల పట్టుకున్నాడో. పెద్దావిడకు చూపిస్తే చాలాసేపు నవ్వారు.

పేరు విషయంలో కొంచెం ఆలోచించాను. జర్మనీలో ఈ నాణేలను ఎఫ్రాయిమైట్లంటారు. అప్పటి జనం "బయట సొగసు, లోపల దోషం, బయట ఫ్రెడ్రిక్, లోపల ఎఫ్రాయిమ్" అని పాట కట్టారు. వ్యాపారుల జాబితాల్లో నేటికీ ఆ పేరే. ఎఫ్రాయిమ్ యూదుడు. జనం కోపానికి యూదుడు దొరకడం ఆ దేశాల్లో కొత్తకాదు. గుత్త ఇచ్చింది రాజు, వెండి తగ్గించడానికి ఒప్పుకున్నది రాజు, ఆ రాబడితో సైన్యానికి జీతాలు, తిండీ ఏర్పాటు చేసింది రాజు. గుత్తేదార్లు కూడా బాగానే వెనకేసుకున్నారు, అది నిజమే. బెర్లిన్‌లో ఎఫ్రాయిమ్ కట్టించుకున్న భవనానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. అయినా ఆ పాటలో రాజు అందమైన పై బొమ్మగా, యూదుడు లోపలి రాగిగా మిగలడం న్యాయం కాదు. నా రిపోర్టులో "ప్రష్యా ఆక్రమణ కాలంలో లైప్‌జిగ్ ముద్ర, వాడుకలో ఎఫ్రాయిమైట్" అని రాశాను. కాస్త పొడుగైంది, పర్వాలేదు.

రెండోసారి ఆవిడ పెద్దకొడుకుతో కలిసి వచ్చారు. మొదట నేనిచ్చిన కాగితం వెనక్కి తీసుకుని, తప్పు నాదేనని చెప్పి, కొత్త రిపోర్టు ఇచ్చాను. అబ్బాయికి కోపం వచ్చింది. "అప్పుడు వెండి అన్నారు, ఇప్పుడు రాగి అంటున్నారు" అన్నాడు. రెండూ నిజమేనని నమ్మించడానికి నీళ్ల గిన్నె, తక్కెడ మళ్లీ బయటికి తీసి, పదిహేడో నంబరును అతని చేతే తూయించాను. దారం ముడి వేసుకోవడానికే అతనికి పది నిమిషాలు పట్టింది. అంకె వచ్చాక ఇంకేం మాట్లాడలేదు.

అతను అడిగిన అసలు ప్రశ్న వేరే ఉంది: ఇవి ఎవరికి నష్టం చేశాయి? అది రిపోర్టులోకి రాని ప్రశ్న, అయినా లెక్క కట్టి చూపించాను. డబ్బాలోని పద్నాలుగు తేలిక నాణేల్లో వెండి అంతా కలిపి 31 గ్రాములు. అదే ప్రష్యా తన ఇంట్లో పాటించిన 14 తాలర్ల లెక్కన కొట్టి ఉంటే 78 గ్రాములుండాలి. మిగతా 47 గ్రాములు యుద్ధంలోకి పోయాయి. నాణెం చేతులు మారినన్నాళ్లూ ఎవరికీ నొప్పి తెలియదు. మంచి డబ్బు పెట్టెల్లోకి, మూసల్లోకి పోతుంది, చెడ్డ డబ్బు సంతలో తిరుగుతుంది. నొప్పి తెలిసేది తిరగడం ఆగిన రోజున. 1763 ఫిబ్రవరి 15న హుబెర్టుస్‌బుర్గ్‌లో సంధి కుదిరింది. ఆ ఏడే సాక్సొనీ ఆస్ట్రియా పద్ధతికి, అంటే మార్కుకు 10 పెద్ద తాలర్ల లెక్కకు మారింది. మరుసటి ఏడు ప్రష్యా మళ్లీ తన 14కి వచ్చింది. పాత సరుకు లోపల ఎంత వెండి ఉంటే అంతకే చెల్లింది. మన పాత షరాబుల భాషలో చెప్పాలంటే ఐదింట మూడు వంతుల వట్టం, అంటే ముఖవిలువలో అంత కోత. ఆ రోజున ఎవరి పెట్టెలో ఇవి ఉన్నాయో వాళ్లది ఆ నష్టం. అదే 1763 వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ద నెఫ్‌విల్ సంస్థ దివాలా తీసింది, హాంబుర్గ్, బెర్లిన్ వ్యాపారులను కూడా లాక్కుపోయింది. అరువు హుండీల మీద బతికిన వ్యాపారమే అక్కడ ముఖ్య కారణమైనా, చెడ్డ నాణేలు కొని కరిగించే బేరాలు కూడా అందులో ఉన్నాయి.

పంపకం గురించి నేనిచ్చిన సలహా ఇది. వెండి ధర చూసి పంచుకోవద్దు, అది చిల్లర. నాలుగు మంచి నాణేలను చెరి రెండు చెయ్యండి. తేలికవాటిని విడగొట్టవద్దు. ఆ పద్నాలుగూ తూకం, సాంద్రత పట్టికతో కలిసి ఒక్క చోట ఉంటేనే ఆసక్తి ఉన్నవాళ్లు వాటికి విలువ కడతారు. విడివిడిగా అవి ఆ వ్యాపారి చెప్పిన రాగి ముక్కలే. ముఖ్యంగా కడగవద్దు. సోడా, నిమ్మరసం, టూత్‌పేస్టు ఏదీ వద్దు. ముక్కు మీద ఎరుపు పోతే ఆ నాణెం చెప్పే కథ పోతుంది.

కొడుకు పద్నాలుగింటినీ ఒకే చోట ఉంచడానికి ఒప్పుకున్నాడు. పెద్దావిడ మాత్రం ఇత్తడి నకలును దూదిలోంచి తీసి, రుమాలులో చుట్టి, సొంత చేతిసంచిలో వేసుకున్నారు. పట్టికలో దాని వరుస ఎదురుగా "పంపకంలో లేదు" అని రాయించి, సంతకం పెట్టి వెళ్లారు.